బడి వెనుక చెక్కగది



అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రమునందలి రెడ్‌మండ్ పట్టణపు వర్షము మన దేశమందలి వర్షమువంటిది కాదు. మన ఆషాఢ శ్రావణములలో వానకు ముందు గాలి వచ్చును, ఉరుము వచ్చును, మేడమీద ఆరవేసిన వడియాలు తీయుడని ఇంటింట కేకలు వినవచ్చును; ఇచ్చటనో, కార్తీకమునాటికి మొదలైన సన్నని తుంపర ఫాల్గుణము దాటువరకును పగలనక రేయనక ఒకే తీరున కురియుచునే యుండును. అట్టి తుంపరలో ఒకనాటి మధ్యాహ్నము మా మనుమరాలిని బడినుండి ఇంటికి తీసికొని వచ్చుటకై పోయి, గంట కొట్టువరకు వెనుకవైపు ఆవరణలో గొడుగు పట్టుకొని నిలుచుండగా నా కంటబడిన యొక చిన్న దృశ్యమే నేటి ఈ ప్రసంగమునకు మూలము.

బడి ప్రధాన భవనము ఇటుకలతో కట్టినది, చక్కనిది. దాని వెనుక, పిల్లలు ఆడుకొనవలసిన మైదానపు అంచున, దిమ్మెలమీద నిలిపిన చెక్కగదులు వరుసగా ఉన్నవి. వానిని ఇచ్చటివారు పోర్టబుల్ అందురు. లారీమీద తెచ్చి దించి, అవసరము తీరిన పిదప మరల లారీమీద కొనిపోవచ్చునను తలంపుతో పెట్టిన గదులు గాన ఆ పేరు వచ్చినది; కాని కప్పు అంచులవెంట పేరుకొన్న పచ్చని నాచును, మెట్లకు మారుగా వేసిన ఏటవాలు బల్లపై కాలు జారకుండ కొట్టిన గరుకుపట్టీలు పిల్లల పాదములరాపిడికి నునుపుదేరి యుండుటయు చూడగా, ఆ అవసరము చాల ఏండ్లుగా తీరలేదని తెలియుచున్నది. నేను చూచుచుండగనే ఒక గది తలుపు తెరచుకొని, ఏడెనిమిదేండ్ల బాలిక యొకతె, మెడలో అనుమతిచీటి వేలాడుచుండగా, చొక్కా టోపీని తలమీదికి లాగికొనుచు, వానలో ప్రధాన భవనమువైపు పరుగెత్తినది. ఆ గదులలో నీటికొళాయి లేదు; మరుగుదొడ్డి లేదు. దప్పిక యైనను, మరియొక అవసరమైనను, ఆ పసివారు ఆ తుంపరలో పడి పోవలసినదే.

దారిలో మా మనుమరాలు చెప్పినది: "తాతయ్యా, మా క్లాసు కూడా పోర్టబులే. వాన గట్టిగా పడితే పైన ఎవరో డ్రమ్ములు కొట్టినట్టుంటుంది. అప్పుడు మా టీచరు గట్టిగా అరుస్తుంది. కోపం వచ్చి కాదు."

ఆ చివరి మాట నా గుండెలో నాటుకొన్నది. కృష్ణాజిల్లాలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలయందు 31 ఏండ్లు తెలుగు బోధించినవాడను నేను. రేకుల షెడ్డుమీద వాన పడునపుడు పద్యము చెప్పుట యెట్టిదో నాకు తెలియును. రెండవ పాదమునకు వచ్చుసరికి గొంతు జీరవోవును, వెనుకబల్ల పిల్లలు పెదవుల కదలికను చూచి అర్థము ఊహించుకొందురు, ఊహించుకొనలేనివారు ఊరకుందురు, అట్లు ఊరకున్నవారిని పరీక్షలనాడు మనము మందమతులందుము. మా ఊళ్ళ బడులు పేదవి, మా పరిషత్తులు పేదవి యని నేను ఆనాడు సమాధానపడితిని. 1986 నుండి మైక్రోసాఫ్ట్ సంస్థకు నిలయమై, లోకమునలుమూలలనుండి విద్యావంతులను రప్పించుకొన్న ఈ పట్టణమున ఆ చప్పుడే మరల నా మనుమరాలి చెవిని పడుట యెందువలన? ఈ ప్రశ్నను విడువలేక, కొంతకాలము ఇచ్చటి వార్తాపత్రికలను, న్యాయస్థానపు తీర్పులను, ఓటర్లకు వచ్చు కరపత్రములను కూర్చుండి చదివితిని. చదివిన కొలదియు నాకు తేటపడినది మీతో చెప్పుకొందును.

రెడ్‌మండ్, కర్క్‌లాండ్ పట్టణములలోని బడులును, సమామిష్ మొదలగు ఇరుగుపొరుగు ప్రాంతములలోని కొన్ని బడులును, లేక్ వాషింగ్టన్ స్కూల్ డిస్ట్రిక్టు అను ఒక్క సంస్థ పాలనలో ఉన్నవి. ఉపాధ్యాయుల జీతములు మొదలగు నిత్యవ్యయములలో అధికభాగము వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వము తలకు ఇంతయని విద్యార్థుల సంఖ్యనుబట్టి ఇచ్చును. చాలనిదానిని, భవనములకు కావలసినదానిలో అధికభాగమును, డిస్ట్రిక్టు తన ప్రాంతపు ఇండ్లమీద, స్థలములమీద పన్ను వేసి రాబట్టుకొనవలెను. ఆ పన్ను వేయుటకు ఓటర్ల సమ్మతి కావలెను. దీనికి రెండు త్రోవలున్నవి. ఒకటి లెవీ, రెండవది బాండు. లెవీ యనగానే మన రైతునకు ఒకప్పుడు ప్రభుత్వము సేకరించిన ధాన్యము జ్ఞప్తికి వచ్చును. ఇచ్చటి లెవీ కొలది సంవత్సరములకొకమారు ప్రజలు తమంత తాము ఓటువేసి ఒప్పుకొను ఆస్తిపన్ను. 2007లో రాష్ట్ర రాజ్యాంగమును సవరించిన పిమ్మట లెవీకి సగమునకు మించిన ఓట్లు చాలును. బాండు అట్లు కాదు. అప్పు తెచ్చి భవనము కట్టి, పలు సంవత్సరములపాటు పన్నుతో తీర్చు ఏర్పాటు గాన, దానికి నూటికి 60 మంది ఔననవలెను. అంతియగాక, గడచిన సాధారణ ఎన్నికలలో ఓటువేసినవారిలో నూటికి 40 వంతుల సంఖ్యకు తక్కువ గాకుండ ఓటర్లు పాల్గొనవలెను.

ఆ 60 అను అంకెయొద్దనే రెడ్‌మండ్ పిల్లల గతి పలుమారులు నిలిచిపోయినది. 2014 ఫిబ్రవరిలో డిస్ట్రిక్టువారు 75.5 కోట్ల డాలర్ల బాండును ప్రజలముందు పెట్టిరి, నెగ్గలేదు. కొంత తగ్గించి ఆ ఏప్రిల్‌లోనే 40.4 కోట్లకు అడిగిరి, అదియు నెగ్గలేదు. 2016లో 39.8 కోట్ల బాండునకు ప్రజలు సమ్మతించిరి. ఆ ధనముతో కట్టిన క్లారా బార్టన్, ఎల్లా బేకర్ ప్రాథమిక పాఠశాలలు 2018లోను, టింబర్‌లైన్ మాధ్యమిక పాఠశాల 2019లోను రెడ్‌మండ్ ప్రాంతమున తెరచుకొన్నవి. కాని 2018 ఫిబ్రవరిలో 29.9 కోట్లకు మరల అడిగినపుడు, ఓటువేసినవారిలో సగమునకు మించినవారు ఔనన్నను, 60 శాతమునకు చేరనందున అది ఓడిపోయినది. కరపత్రములలో ఇవి అంకెలు. బడిలో ఇవి వయస్సులు. 2014లో కిండర్‌గార్టెనులో చేరిన పసివాడు ఆ తొలి రెండు కొత్తబడుల ద్వారములు తెరచుకొనునాటికి నాలుగవ తరగతిలో ఉండెను. నాలుగేండ్లు ఓటర్లకు ఒక వాయిదా. అక్షరములు కూడబలుక్కొనుటనుండి కథలు చదువుట వరకు సాగవలసిన ప్రయాణమంతయు ఆ పసివానికి ఆ నాలుగేండ్లలోనిదే.

ఈ యిరుకునకు సాక్ష్యము పట్టణపు నడిబొడ్డుననే యున్నది. 1922లో ఇటుకలతో కట్టిన పాత బడి యొకటి కలదు. 1997 నుండి పట్టణ ప్రభుత్వము దానిని డిస్ట్రిక్టునుండి అద్దెకు తీసికొని సామాజిక కేంద్రముగా నడిపినది. పెద్దలు, కళాభ్యాసకులు, ఆటపాటల పిల్లలు అచ్చట కూడుకొనెడివారు. పిల్లలకు గదులు చాలక 2017లో డిస్ట్రిక్టు ఆ భవనమును తిరిగి తీసికొన్నది. నూరేండ్లకు చేరువైన భవనమును మరల పసివారికొరకై పిలిపించుకొనవలసిన స్థితి యది. మన గ్రామములలో చావడిలో బడి నడపిన రోజులు ఎరిగినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక రాజ్యాంగము మాట. 1889లో వాషింగ్టన్ రాష్ట్రముగా ఏర్పడినపుడు వ్రాసికొన్న రాజ్యాంగపు తొమ్మిదవ అధికరణము, తన సరిహద్దులలో నివసించు బాలబాలికలందరి విద్యకు సమృద్ధిగా ఏర్పాటు చేయుట రాష్ట్రమునకు పరమవిధి యని చెప్పుచున్నది. సైన్యము కాదు, రహదారులు కాదు, విద్యయే పరమవిధి యని! జాతి, వర్ణము, స్త్రీపురుషభేదములతోపాటు కులభేదమును కూడ పాటింపరాదని ఆ వాక్యములోనే వ్రాసియున్నది. కులమను మాట ఈ దూరదేశపు రాజ్యాంగమునకు 1889లో ఎట్లు చేరినదో గాని, దానిని మొదట చదివిననాడు, బడిలో వేరుగా కూర్చుండబెట్టబడిన పిల్లలను ఎరిగిన తరమువాడనగుటచేత, నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరక కూర్చుండిపోతిని. 'పౌరులు' అని గాక 'నివసించు పిల్లలందరు' అని వ్రాయుట గూడ గమనింపదగినది. ఏ వీసాపై వచ్చిన తల్లిదండ్రుల బిడ్డయైనను ఆ వాక్యపు నీడలోనిదే.

ఆ మాట వట్టిమాటగా ఉండిపోలేదు. మన పూర్వులు దేవాలయమునకు మాన్యము విడిచినట్లు, రాష్ట్రమేర్పడునపుడు అమెరికా కాంగ్రెసు, టౌన్‌షిప్పు అను ప్రతి భూభాగమునందును 16వ, 36వ సెక్షనులనబడు ముక్కలను బడులకై కేటాయించెను. ఆ భూములలో అధికము దట్టమైన అడవులు. వానిలోని కలప అమ్మగా వచ్చిన సొమ్ము 1966లో ప్రజలు ఆమోదించిన రాజ్యాంగ సవరణను అనుసరించి బడి భవనముల నిర్మాణనిధికి పోవుచున్నది. రెడ్‌మండ్ కూడ ఒకనాడు కలప కొట్టి బ్రతికిన ఊరే. కాని పిల్లల సంఖ్యయు, కట్టడపు వెలయు పెరిగినంత వేగముగా చెట్టు పెరుగదు గదా. మాన్యపు ఆదాయముతో గుడి దీపము వెలుగవచ్చును గాని కొత్త గోపురము లేవదు.

ఆ పరమవిధి నెరవేరుటలేదని 2007 జనవరిలో ఒక తల్లి న్యాయస్థానమునకెక్కినది. ఆమె పేరు స్టెఫనీ మెక్లియరీ; చిమకమ్ అను చిన్న ఊరి నివాసి; ఇద్దరు బిడ్డలు బడికి పోవుచుండిరి. మరియొక కుటుంబమును, అనేక డిస్ట్రిక్టులును, సంఘములును ఆమె పక్షమున నిలిచిరి. 2010లో కింగ్ కౌంటీ న్యాయమూర్తి జాన్ ఎర్లిక్ ఆమె వాదము సత్యమని తీర్పు చెప్పెను. 2012 జనవరి 5న రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము దానిని స్థిరపరచి, 2018 నాటికి లోపము పూరింపుడని గడువిచ్చినది. శాసనసభ తాత్సారము చేయగా 2014 సెప్టెంబరులో కోర్టు ధిక్కారదోషము మోపినది. 2015 ఆగస్టు నుండి దినమునకు లక్ష డాలర్ల జరిమానా విధించినది. ఆ జరిమానా పెరిగి పెరిగి 10 కోట్లు దాటినది. చివరకు 2017లో శాసనసభ రాష్ట్రపు ఆస్తిపన్నును పెంచి, స్థానిక లెవీలకు హద్దు పెట్టి, బడులకు రాష్ట్రమిచ్చు ధనమును అధికము చేసినది. 2018 జూన్ 7న కోర్టు ఆ వ్యాజ్యమును ముగించినది. పదకొండేండ్లకు పైగా సాగిన ఆ పోరాటము ముగియునాటికి ఆ తల్లి బిడ్డలిరువురును బడి చదువు ముగించి వెళ్ళిపోయియుండిరి. గెలిచిన వ్యాజ్యపు ఫలము ఆ యింటి పిల్లలకు అందలేదు. ఎవరో పేరు తెలియని పిల్లలకు అందినది. అట్టి తల్లిని గూర్చి తెలుగునాట ప్రతి విద్యాకమిటీలోను చెప్పుకొనవలెనని నాకు తోచుచున్నది.

వ్యాజ్యము ముగిసినను లోపము పూర్తిగా పోలేదు. ఒక్క ఉదాహరణము చూడుడు. రాష్ట్రము బడికి డబ్బిచ్చుటకు ఒక నమూనాను లెక్కకు పెట్టుకొన్నది: 400 మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఎందరు ఉపాధ్యాయులు, ఎందరు గుమాస్తాలు, ఎందరు నర్సులు అని. ఆ లెక్కలో 2022 వరకు నర్సు వాటా 0.076. అనగా, నలువది గంటల పనివారములో నర్సు ఆ బడికి సుమారు 3 గంటలు మాత్రమే రావలసిన లెక్క. ఉబ్బసము గల పిల్లవానికి ఊపిరి అందనపుడు, చక్కెరవ్యాధి గల బాలికకు ఇన్సులిన్ వేళ తప్పినపుడు, మిగిలిన 37 గంటలలో ఆఫీసుగదిలోని గుమాస్తాయే దిక్కు. లెవీ నెగ్గిన ఊరివారు స్వంతసొమ్ముతో నర్సును పెట్టుకొందురు. ఓడిన ఊరివారు దైవముపై భారము వేయుదురు. 2022లో చట్టము చేసి ఆ వాటాను క్రమముగా పెంచుట ఆరంభించిరి. ప్రత్యేక విద్య సంగతియు ఇట్టిదే. వైకల్యము గల పిల్లలు బడిలో ఎందరున్నను, మొత్తములో 13.5 శాతమునకు మించినవారికి రాష్ట్రము అదనపు ధనమీయలేదు. నూటికి 14వదిగా లెక్కకు వచ్చిన బిడ్డ వైకల్యము తక్కువదగునా? 2023లో ఆ హద్దును 15కును, 2024లో 16కును జరిపి, 2025లో తుదకు తొలగించిరి. తొలగించినవారిని అభినందింపవలసినదే, అయినను అన్నియేండ్లు ఆ గీతకు వెలుపల నిలిచిన పిల్లల తల్లుల ముఖములు నా కనులముందు మెదలుచునే యున్నవి.

పిల్లలు తగ్గినను చిక్కే. కరోనా పిదప ఈ ప్రాంతమున బడిపిల్లల సంఖ్య తగ్గినది. తలలెక్కన వచ్చు ధనము తగ్గినది. గదికి వేడి, కప్పుకు మరమ్మతు మాత్రము తగ్గవు. రెడ్‌మండునకు పొరుగుననే, తెలుగువారు విస్తారముగా నివసించు బెల్‌వ్యూలో 2023లో విల్‌బర్టన్, ఈస్ట్‌గేట్ అను రెండు ప్రాథమిక పాఠశాలలను మూసి పిల్లలను ఇతర బడులలో కలిపిరి. ఆంధ్రప్రదేశములో 2022 నాటి 117వ జీవో పేర 3, 4, 5 తరగతులు ఊరిబడినుండి దూరపు ఉన్నత పాఠశాలకు తరలినపుడు చిన్నపిల్లలు రోడ్డు దాటి నడచుట చూచినవారికి ఆ బాధ పరాయిది కాదు.

భవనముల విషయమున మాత్రము న్యాయస్థానపు తలుపు మూసికొన్నది. కొలంబియా నదీతీరమున వాకయకమ్ అను చిన్న డిస్ట్రిక్టు కలదు. పిల్లలు సుమారు 500 మంది. ఉన్నత పాఠశాల 1962 నాటిది. మైక్రోసాఫ్ట్ వంటి సంస్థ లేదు, మేడలు లేవు. వేయి డాలర్ల ఆస్తికి ఇంతయని ఒకే రేటున పన్ను వేసినను రెడ్‌మండులో రాలునంత సొమ్ము అచ్చట రాలదు. కూలిపోవుచున్న బడిని బాగుచేయుటయు పరమవిధిలోనిదే యని వారు దావా వేయగా, 2023 సెప్టెంబరులో సర్వోన్నత న్యాయస్థానము, నిర్మాణవ్యయము ఆ విధిలో చేరదనియు, అది రాష్ట్రమును స్థానికులును కలిసి పంచుకొనవలసినదనియు తీర్పు చెప్పినది. ఆ తీర్పును నేను గౌరవముతోనే చదివితిని. కాని నాకు సమ్మతము కాలేదు. పాఠము విధియై, పాఠము వినబడుటకు వలసిన కప్పు విధి కాకపోవుట యెట్లు పొసగును? మన దేశములో 1993లో ఉన్నికృష్ణన్ అనువారు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముపై తెచ్చిన వ్యాజ్యమున, పదునాలుగేండ్లలోపు పిల్లల విద్య ప్రాథమిక హక్కని భారత సర్వోన్నత న్యాయస్థానము చెప్పెను; అటుపిమ్మట 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టములో తరగతిగది, త్రాగునీరు, మరుగుదొడ్డి గూడ బడికి ఉండితీరవలసినవని వ్రాసిరి. అమలు ఎంతయన్నది వేరొక ప్రసంగము. వ్రాతలో మాత్రము మనవారు కప్పును మరువలేదు.

ఇప్పుడు మనవారి మాట. తెలుగు కుటుంబములు బడికి ఉదారముగా ఇచ్చుచున్నవి. తల్లిదండ్రుల సంఘమునకు చందా వేయుదురు, ఉద్యోగసంస్థ దానికి జోడుగా అంత సొమ్ము కలుపును, ఆ ధనముతో పుస్తకములు, చిత్రలేఖన తరగతులు, సహాయకుల జీతములు సమకూరును. దీనిని చూచినపుడు నాకు మన దసరా గుర్తుకు వచ్చును. వీధిబడి కాలమున అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని, రంగుకాగితములు అంటించిన విల్లంబులు వారి చేతికిచ్చి, ఇల్లిల్లు తిరిగి పద్యములు పాడించి కట్నము పుచ్చుకొనెడివాడు. పిల్లలకు పప్పు బెల్లములు దక్కెడివి. అందమైన ఆచారము. అయినను కలిగిన వీధిలోని అయ్యవారికి వరహాలు రాలెను. పేదవీధి అయ్యవారు ఏడాదియంతయు పస్తులుండెను. దాత చేయి తన వాకిలి దాటి ఎంతో దూరము పోదు. రెడ్‌మండు బడికి మనమిచ్చిన చందా వాకయకమ్ పిల్లవానికి చేరదు. ఆ పని పన్ను మాత్రమే చేయగలదు. అప్పటికి ఆదాయపు పన్ను లేని ఈ రాష్ట్రము 2021లో, రెండున్నర లక్షల డాలర్లకు మించిన మూలధన లాభముపై 7 శాతము పన్ను వేసి దానిని విద్యకు, శిశుసంరక్షణకు కేటాయించినది. 2023లో కోర్టు దానిని నిలబెట్టినది. 2024లో దానిని తీసివేయుడని వచ్చిన ప్రతిపాదనను ప్రజలు త్రోసిపుచ్చిరి. షేర్లు అమ్ముకొని లాభపడు మనవారిలో కొందరికి ఈ పన్ను కష్టముగా తోచినదని విన్నాను. వారితో నేను వాదింపను. ఒక్కమారు వాననాడు బడి వెనుకకు రమ్మని మాత్రము పిలుతును.

మరియొక చిక్కు మన యిండ్లలోనే యున్నది. గ్రీన్‌కార్డు వరుసలో ఏండ్ల తరబడి నిలుచున్న తెలుగువారు ఇల్లు కొందురు, ఆస్తిపన్ను చెల్లింతురు, పిల్లలను బడికి పంపుదురు; ఆ పన్ను ఎంత యుండవలెనో, ఆ బడి కట్టవలెనో లేదో నిర్ణయించు ఓటు మాత్రము వారికి లేదు. ఓటు కలిగినవారిలో చాలమంది ఫిబ్రవరిలో వచ్చు బడి పన్ను ఎన్నికను ఎన్నికగా లెక్కింపరు. అధ్యక్షుని ఎన్నికనాడు రాత్రి తెల్లవారువరకు టీవీముందు కూర్చుండువారి యింట, బడి లెవీ ఓటుపత్రపు కవరు పిజ్జా కరపత్రములతోపాటు బల్లమీద పడియుండుట నేను చూచితిని.

మా అమ్మాయి పౌరసత్వము పొందిన తరువాత వచ్చిన తొలి ఫిబ్రవరిలో ఆ కవరు మా యింటికి వచ్చినది. ఆమె భోజనాల బల్లవద్ద కూర్చుండి, కరపత్రమును ఆసాంతము చదివి, నల్లసిరా కలముతో గడిని నిండుగా నింపి, కవరు వెనుక సంతకము చేసినది. ఇంకను పౌరసత్వము రాని మా అల్లుడు ప్రక్కన నిలుచుండి చూచెను, ఏమియు అనలేదు. సాయంకాలము నేనును మనుమరాలును నగర కార్యాలయము వద్దనున్న ఓటుపెట్టెకు నడచిపోతిమి. తుంపర పడుచునే యున్నది. కవరు తడవకుండ ఆమె దానిని చొక్కాలోపల దాచుకొన్నది.

"ఇది వేస్తే మా క్లాసు లోపలికి వచ్చేస్తుందా తాతయ్యా?" అని అడిగినది.

"ఇది నెగ్గి, గదులు కట్టేసరికి నువ్వు మిడిల్ స్కూలుకి వెళ్ళిపోతావమ్మా" అంటిని. అబద్ధము చెప్పుటకు మనసొప్పలేదు.

ఆమె కొంచెము ఆలోచించినది. "అయితే తర్వాత వచ్చేవాళ్ళకి టీచరు మాట వినిపిస్తుంది" అని, మునివ్రేళ్ళమీద నిలుచుండి, కవరును పెట్టెలోనికి జారవిడిచినది.